పార్టీ ఉప్పు తిన్న మూడు రోజులు

మా ముత్తాత మూడు ఊళ్లకు మాలీపటేల్. శిస్తు వసూలంతా ఆయన చేతి మీదుగా జరిగేది. తాత కచ్చేరికి వెళ్తే తహసీల్దారు లేచి నిలబడి కుర్చీ వేయించేవాడు. మా నాన్న తీర్పు చెబితే గొడవపడ్డ రెండు పక్షాలూ మా ఇంట్లోనే భోంచేసి వెళ్లేవి. నేను వార్డు కౌన్సిలర్ దాకానే వచ్చాను. అయినా ఈ రోజుకీ గోడకు ఆనుకుని కూర్చోను, వెన్ను నిటారుగానే ఉంచుతాను.

మా మున్సిపాలిటీ చైర్‌పర్సన్ అవతలి పార్టీ మనిషి. మా పార్టీ ఆమె మీద అవిశ్వాసం పెట్టి, మేమంతా అనుకూలంగా చెయ్యెత్తాలని విప్ జారీ చేసింది. నా చిక్కు వేరు. మా వార్డుకు ట్యాంకరు తప్ప నీళ్లు లేవు. ఆ నెలలోనే ఆమె మా గల్లీలకు పైపులైను మంజూరు చేసింది. ఆమె దిగిపోతే ఆ పైపులు ఇంకో వార్డుకు పోతాయని మా పార్టీవాళ్లే చెప్పుకుంటున్నారు. నీళ్లు తెస్తానని ఇంటింటికీ తిరిగి మాటిచ్చింది నేను. విప్ ధిక్కరిస్తే పదవి పోతుంది. విప్‌కు తలవంచితే మాట పోతుంది.

ఓటింగుకు మూడు రోజుల ముందు మమ్మల్ని క్యాంపుకు బయలుదేరదీశారు. కొందరు గోవా అనుకుని కొత్త చొక్కాలు కొనుక్కున్నారు. బస్సు ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్ ముందు ఆగింది. మా ఇంటికి ఇరవై నిమిషాల దూరం. మా ఫోన్లన్నీ ఒక సంచిలో వేసుకున్నారు.

"ఫ్లైట్ ఎప్పుడు సార్?" అంది రిసెప్షన్‌లో అమ్మాయి.

"ఎగిరిపోతమనే పట్టుకొచ్చిన్రు బిడ్డా," అన్నాడు మాలో అందరికన్నా పెద్దాయన.

మూడు రోజులూ బిర్యానీ, పేకాట. కిటికీలోంచి కనబడే విమానం దుబాయ్‌దా, ఢిల్లీదా అని పందేలు. ఎవరి ఓటు కథ వారిది. "మా ఇంటామెను అడిగి చెయ్యెత్తుదామనుకున్న. ఫోన్ గుంజుకున్నరు, ఇగ ఎట్ల?" అని పెద్దాయన బెంగ. "మా తమ్ముడు ఆ పార్టీల, నేను ఈ పార్టీల. ఎవరు గెలిచినా మా ఇంట్ల దావతే," అని ఒక కౌన్సిలరమ్మ నిశ్చింత.

ఓటింగు రోజు పొద్దున నేను ఒక నిర్ణయానికి వచ్చాను. చెయ్యి ఎత్తను. కానీ మూడు రోజులు పార్టీ తిండి తిన్నాను కదా. కౌంటర్ దగ్గరికి వెళ్లి నా బిల్లు విడిగా రాయమన్నాను. క్యాంపు చూసుకునే మా నాయకుడు ఇడ్లీ ప్లేటుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది పటేలా, బిల్లు అడిగినవట? పార్టీ కట్టింది గదనే."

"నా మటుకు నేను కడత."

"ఎందుకే?"

"ఉప్పు తిని ఎదురు నడిచుడు మా ఇంట్ల లేదు."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన ప్లేటు కౌంటర్ మీద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"అంటే ఎదురు నడుస్తున్నవన్నట్టు! దొంగతనానికి పొయ్యేటోడు చిట్టీ రాసిపెట్టి పోతడా పటేలా?"

కార్డు ఇచ్చి బిల్లు కట్టాను. బస్సులో నన్ను ఇద్దరు భారీ కౌన్సిలర్ల మధ్య కూర్చోబెట్టారు. సమావేశం హాల్లోనూ వాళ్లే నాకు అటూ ఇటూ. అవిశ్వాసానికి అనుకూలమైన వాళ్లు చేతులెత్తమన్నాడు అధికారి. కుడివైపు మనిషి నా మోచేతి కింద చెయ్యి పెట్టి పైకి లేపబోయాడు.

"చెయ్యి నాది తమ్మీ, జర ఇడువు," అన్నాను.

అధికారికి నవ్వు ఆగలేదు. చేతులు రెండుసార్లు లెక్కపెట్టాడు. ఒక్క చెయ్యి తక్కువైంది. తీర్మానం వీగిపోయింది.

"పదవి పాయె గదనే," అన్నాడు పెద్దాయన మెట్లు దిగుతూ. ఆయన లెక్క తప్పలేదు. నా పదవి రద్దయినట్టు కాగితం రావడానికి రెండు నెలలు పట్టింది. ఆలోగా మా గల్లీల్లో పైపులు వేశారు. మొదటి రోజు నల్లాలో ఎర్రమట్టి నీళ్లొచ్చాయి. "గీ బురద కోసమా పటేలా గంత లొల్లి?" అని ఎదురింటావిడ బిందె చూపించి నన్ను కడిగేసింది. మూడో రోజుకు నీళ్లు తేటపడ్డాయి. ఆమె ఇంకో రెండు బిందెలు తెచ్చి నల్లా కింద పెట్టింది.

హోటల్ బిల్లుకైన ఖర్చు పూడ్చుకోవడానికి మా ఇంట్లో మిగిలిన రెండు రాగి గంగాళాలను షాద్‌నగర్‌లో అమ్మేశాను.