వణకని చేతులు

వాచీలాయన చదివింది పల్లెటూరి బడిలో అయిదో తరగతి వరకే. అయితేనేం, ఆ ఊళ్ళో పెద్ద చదువులు చదివినవాళ్ళందరూ టైము సరిచూసుకున్నది ఆయన దగ్గరే. పదహారో ఏట గురువు దగ్గర పనికి కుదిరాడు. ఇరవై రెండుకే సొంత కొట్టు పెట్టాడు. రైలు స్టేషను గడియారాన్ని మూడుసార్లు బతికించాడు. కోర్టు హాల్లోని గోడ గడియారం ఇక పనికిరాదని మూల పడేస్తే, వారం రోజులు దానితో కుస్తీ పట్టి నడిపించి, "ఇంకో ముప్పై ఏళ్ళు దీని జోలికి రాకండి" అని చెప్పి మరీ వచ్చాడు. డెబ్భై రెండో ఏట కూడా ఆవగింజలో సగం ఉండే మరమేకును పట్టకారుతో ఎత్తి, ఊపిరి బిగబట్టి దాని చోట్లో కూర్చోబెట్టేవాడు.

"ఈ చేతులకు వణుకు తెలీదు. తెలిసిన రోజున కొట్టు మూసేస్తా," అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

"చేతులు వణకవు సరే, వాటి గురించి చెప్పీ చెప్పీ ఆ నోరైనా నొప్పి పుట్టదు," అనేది భార్య.

గురువు నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. విప్పిన వాచీని వదిలి లేవాల్సి వస్తే దాని మీద గాజు మూత బోర్లించాలి. ఇల్లు తగలబడుతున్నా సరే, ముందు మూత, తరవాతే పరుగు. యాభై ఆరేళ్ళలో ఆ పాఠం ఆయన ఒక్కనాడూ తప్పలేదు.

ఒక మంగళవారం మిట్టమధ్యాహ్నం, ఇరవై ఏళ్ళు దాటని బక్కపలచని కుర్రాడు కొట్టులోకొచ్చి ఆయన మెడ మీద కత్తి పెట్టాడు. రెండో చేత్తో అద్దాల బీరువాలోని వాచీలన్నీ సంచీలోకి ఊడ్చుకున్నాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి నవ్వాడు.

"తాతా, చేతులు చూసుకో ఎలా వణుకుతున్నాయో! వీటితో ఇంకేం బాగుచేస్తావులే. ఇంటికెళ్ళి పడుకో."

వాడు గడప దిగాడు. వాచీలాయన కేక వెయ్యలేదు. కంటికున్న భూతద్దం తీసి డబ్బాలో పెట్టాడు. పట్టకారు దాని గాడిలో పెట్టాడు. బల్ల మీద విప్పి ఉన్న వాచీకి గాజు మూత బోర్లించాడు. అప్పుడు సొరుగు లాగాడు. అందులో రివాల్వరుంది. పక్క నగల కొట్టులో దొంగలు పడ్డ ఏడాది లైసెన్సు తీసుకున్నది. దాన్ని పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. కుర్రాడు ఎవరికీ అనుమానం రాకూడదని మామూలుగా నడిచిపోతున్నాడు. చెప్పుల కొట్టు దాకా వెళ్ళాడు. ఒకటే గుండు. వీపులో తగిలింది. వాడు మళ్ళీ లేవలేదు.

వీధి వీధంతా భుజం తట్టింది. "మొనగాడివయ్యా! ఈ వయసులో ఏం గురి!" అన్నాడు చెప్పుల కొట్టాయన. సాయంత్రానికి పోలీసులు వాచీలాయన్ని తీసుకుపోయినప్పుడు మాత్రం ఆ చెప్పుల కొట్టాయన తోడుగా స్టేషను దాకా రాలేదు.

బెయిలు మీద ఇంటికొచ్చాక, లాయరైన మేనల్లుడు వంటింట్లో పీట వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"మామయ్యా, జాగ్రత్తగా విను. కత్తి నీ మెడ మీద ఉన్నంతసేపూ చట్టం నీ వైపే. అప్పుడు కాల్చి ఉంటే నిన్నెవరూ వేలెత్తి చూపేవాళ్ళు కాదు. వాడు గడప దిగి వీపు తిప్పాడా, అక్కడితో నీ హక్కు తీరిపోయింది."

"నా కొట్టు దోచుకుపోతుంటే చూస్తూ కూర్చోవాలా?"

"కేక వెయ్యాలి. పోలీసులకు చెప్పాలి. పోయేవాణ్ణి చంపకూడదు. ఇప్పుడు మనకున్నది ఒకటే దారి. భయంతో ఒళ్ళు తెలీలేదు, చేతులు వణికిపోయాయి, ఏం చేశానో నాకే తెలీదు అను. శిక్ష తగ్గుతుంది. అసలు పడకపోనూ వచ్చు."

"చేతులు వణికాయనాలా?"

"ఒక్క మాట మామయ్యా! ఆ ఒక్క మాటతో నువ్వు ఇంట్లో ఉంటావు."

భార్య పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. "అంటారులే. నేను అనిపిస్తాను," అంది.

కోర్టు హాల్లో ఆయన బోనెక్కాడు. ఎదురుగా గోడ మీద ఆయన బతికించిన గడియారం నడుస్తోంది. మేనల్లుడు లేచాడు.

"వాడు కత్తి తీశాక మీ పరిస్థితి ఏమిటో చెప్పండి. మీ చేతులు ఎలా ఉన్నాయి?"

వాచీలాయన గడియారం వంక చూశాడు. భార్య ముందు వరసలో కొంగు పిడికిట బిగించి కూర్చుంది.

"నా చేతులకేం? రాయిలా ఉన్నాయి," అన్నాడు.

మేనల్లుడు కూలబడ్డాడు. ప్రభుత్వ లాయరు కొట్లోని బల్లకి పోలీసులు తీసిన ఫోటో పట్టుకుని మెల్లగా దగ్గరకొచ్చాడు.

"పెద్దాయనా, ఈ వాచీ మీద గాజు మూత ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఎప్పుడు?"

"వాడు బయటికి పోయాక."

"ప్రాణభయంలో ఉన్న మనిషి వాచీకి మూత పెడతాడా?"

"భయమున్నా లేకపోయినా మూత పెట్టాల్సిందే! యాభై ఆరేళ్ళ పని బాబూ నాది. స్టేషను గడియారం మూడుసార్లు బాగుచేశా. అదిగో, మీ నెత్తిమీదున్నది కూడా నా చేతి పనే. విప్పిన వాచీని దుమ్ముకి వదిలేసిన పాపాన ఏనాడూ పోలేదు."

"ఇంక నేనడిగేదేమీ లేదండి," అని ప్రభుత్వ లాయరు కూర్చున్నాడు.

వెనక బెంచీ మీద నుంచి చచ్చిపోయిన కుర్రాడి తల్లి లేచింది.

"వాచీకి దుమ్ము పడకుండా మూత పెట్టాడట. నా కొడుకు గంటసేపు రోడ్డు మీద పడుంటే గుడ్డ ముక్కయినా కప్పాడా?"

"కూర్చోమ్మా," అన్నారు జడ్జిగారు. ఆ గొంతులో కోపం లేదు.

తీర్పులో జడ్జిగారు రాసింది తేలికగానే అర్థమైంది. ఎదురుగా ఉన్న ప్రమాదాన్ని ఆపితే ఆత్మరక్షణ. ప్రమాదం దాటిపోయాక, పనిముట్లు సర్దుకుని, వెళ్ళిపోయేవాడి వీపు మీద పేల్చడం శిక్ష వెయ్యడం. ఆ పని కోర్టుది, కొట్టువాడిది కాదు. ఆరేళ్ళు.

మొదటిసారి జైల్లో చూడటానికి వచ్చినప్పుడు భార్య యోగక్షేమాలేమీ అడగలేదు.

"నాకొక్కదానికి నిజం చెప్పండి. ఆవేళ చేతులు వణికాయా?"

ఆయన చేతులు బల్ల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"వణికాయి. మూత పెడుతుంటే గాజు బల్లకి కొట్టుకుని టకటకలాడింది. వాడన్నది నిజమేనే. అందుకే లేచాను."

"మరి ఆ నిజమే కదండీ అక్కడ చెప్పమన్నాం! ఇంటికొచ్చేసేవారు కదా!"

"నా గడియారం ఎదురుగా ఎలా చెప్పను?"

ఆమె తెచ్చిన సంచీ బల్ల మీద పెట్టి లేచింది.

"దానికేం, ముప్పై ఏళ్ళు ఆగదన్నారుగా. మీ ఆరేళ్ళూ అదే లెక్కపెడుతుంది లెండి," అని వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది.