బడి మలుపు దగ్గర నెమ్మదించే బోటు

2023 ఏప్రిల్. జగిత్యాలలో కోరుట్ల రోడ్డు మీద నా ఇంజన్ రిపేరు షాపు. యాసంగి వరి కోతలకొచ్చిన రోజులు. షాపు ముందంతా పవర్ స్ప్రేయర్లు, నీళ్ల పంపు ఇంజన్లు. అంతకు ముందు చాలా ఏళ్లు ఒక దినపత్రికకు ఊళ్ల వార్తలు రాశాను. పేపరు పని మానేశాక, చిన్నప్పుడు నాన్న దగ్గర నేర్చుకున్న ఈ పనే అన్నం పెట్టింది.

మానేరు మీద రిజర్వాయరు కట్టి నీళ్లు నిలిపాక మా పనిలోకి ఒక కొత్త యంత్రం వచ్చింది. అవుట్‌బోర్డ్ మోటార్. పడవ వెనక చెక్కకు బయటివైపు బిగించే ఇంజన్ అది. పైన తల, కింద పొడవాటి కాలు, ఆ కాలి చివర నీళ్లలో తిరిగే ఫ్యాను. ఆ ఫ్యానునే ప్రొపెల్లర్ అంటాం. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా వెతికినా దాన్ని విప్పి బిగించేవాళ్లం అప్పటికి ఇద్దరు ముగ్గురమే.

ఒకరోజు మధ్యాహ్నం ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. వెనక బొంత పరిచి, దాని మీద పాత అవుట్‌బోర్డ్‌ను పడుకోబెట్టారు, జ్వరమొచ్చిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినట్టు. దిగినాయన పేరు రాజమల్లు. నలభై అయిదేళ్లుంటాయి. బోయినపల్లి దిక్కు నుంచి వచ్చానన్నాడు.

"స్పీడు గావాలె మేస్త్రీ. ఎంతైతే గంత."

"ఏంది, రేసులకు పోతవా?"

"రేసే. గాలితోటి."

నవ్వబోయి అతని ముఖం చూసి ఆగిపోయాను. కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. మెల్లగా చెప్పాడు. వాళ్ల ఊరు రిజర్వాయరు కింద పోయింది. ఊళ్లో ఉన్నప్పుడు ఆటో నడిపేవాడు. ఇప్పుడు ఉండేది ఒడ్డు మీది పునరావాస కాలనీలో. మునగని పొలాలు అవతలి గట్టున ఉన్నాయి. కాలనీ ఆడవాళ్లకు కూలి పని దొరికేది అక్కడే. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోతే రోజులో సగం దారికే పోతుంది. అందుకని ఆటో అమ్మి, ఎవరో వాడి వదిలేసిన ఫైబర్ బోటు, దానికంటే పాతదైన ఈ ఇంజన్ కొన్నాడు. పొద్దున వాళ్లను దించి వస్తాడు, మధ్యాహ్నం దాటాక తీసుకొస్తాడు.

ఎండాకాలం ఆ మధ్యాహ్నాలే ప్రమాదం. కిందటేడు మే నెలలో నడినీళ్లలో గాలిదుమారం పట్టుకుంది. అలలు అంచు దాటి లోపలికి దూకాయి. ఆడవాళ్లు సద్ది డబ్బాలతో నీళ్లు ఎత్తిపోస్తూ ఒడ్డు చేరారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు బోటులో అతని భార్య లచ్చవ్వ కూడా ఉంది.

"ఇంటికి అచ్చినంక ఒక్కటే మాట అన్నది. మల్ల గాలి దినాలు అచ్చేటాల్లకు ఇంజన్ సంగతి చూడు, లేకుంటే బోటు అమ్ముడే అని. మిగిలినోళ్లు గూడ ఎక్కుతలేరు. కొత్తది కొనే తాకత్ నాకు లేదు. నువ్వు జేసేది ఏమన్న ఉంటే చెయ్యి."

పాత ఇంజన్‌లో వేగం పెంచాలంటే ముందు కొత్త సామాను కొనకూడదు. పుట్టినప్పుడున్న బలంలో ఎంత పోయిందో చూడాలి. ఇది ఇరవై అయిదు హార్స్‌పవర్ టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు. స్పార్క్ ప్లగ్ తీసి ఆ రంధ్రంలో గేజి పెట్టి తాడు లాగితే, సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో తెలుస్తుంది. దీన్ని కంప్రెషన్ టెస్ట్ అంటాం. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఇక్కడ ఒకటి బాగా తగ్గింది. పిస్టన్ రింగులు అరిగాయి. కార్బురేటర్‌లో పాత పెట్రోలు జిగురులా గడ్డకట్టింది. ప్లగ్గులు నల్లగా తడిసి ఉన్నాయి.

"పెట్రోల్ల ఆయిల్ ఎంత కలుపుతవ్?"

"జర ఎక్కువనే పోస్త. పాతది గద, బలం గావాలె."

"బలం కాదు రాజమల్లూ, పొగ అస్తది."

తలకాయ గోక్కున్నాడు. అసలు తప్పు మాత్రం కింద ఉంది. ప్రొపెల్లర్ మీద రెండు అంకెలు చెక్కి ఉంటాయి. మొదటిది దాని వెడల్పు. రెండోది పిచ్, అంటే ఒక్క చుట్టుకు పడవను ఎంత ముందుకు తోయాలో ఆ లెక్క. పెద్ద పిచ్ ఉంటే పెద్ద వేగం అనుకుని రాజమల్లు కిందటేడే పెద్దది వెతికి మరీ బిగించుకున్నాడు. నిండా మనుషులున్న బోటు బరువుకు అది సరిపడదు. త్రాటిల్, అంటే వేగం పెంచే పిడి, పూర్తిగా తిప్పినా ఇంజన్ తన చుట్లు తను తిరగలేక మూలుగుతుంది.

"ఆటోల పది మందిని ఎక్కించుకొని గుట్ట ఎక్కుతున్నవనుకో. టాప్ గేర్ల పోతవా?"

"సెకండ్ల పోత." ఒక్క క్షణం ఆగాడు. "అంటే నేను టాప్ గేర్ల గుట్ట ఎక్కుతున్ననా ఇన్ని దినాల నుంచి!"

తక్కువ పిచ్ ప్రొపెల్లర్ కోసం కోరుట్లలో లేత్ మిషన్ నడిపే యూసుఫ్ భాయ్ దగ్గరికి పోయాం. ఇంజన్లు తుక్కుకు వచ్చినా ప్రొపెల్లర్లు దాచిపెట్టే అలవాటు ఆయనది. రాజమల్లు తెచ్చిన పెద్దదాన్ని చేతిలో తిప్పి చూసి, "క్యా భాయ్, పెద్ద చెప్పులు ఏస్కుంటే జల్ది ఉరుకుతమా?" అన్నాడు. తన దగ్గరున్న వాటిలోంచి చిన్న పిచ్‌ది ఒకటి తీసి, వంగిన రెక్క సరిచేసి, లోపలి రబ్బరు బుష్ మార్చి ఇచ్చాడు. పెద్దది తన దగ్గరే ఉంచుకుని పైసలేమీ అడగలేదు.

రింగులు మార్చి అంతా బిగించాక నేనే రిజర్వాయరుకు పోయాను. బోటును చూడకుండా ఇంజన్ పని పూర్తయిందని చెప్పలేం. ఒడ్డున ఇంజన్ సంగతి చూద్దామని వచ్చిన కాలనీ ఆడవాళ్లు, వాళ్ల ముందు లచ్చవ్వ నిలబడి ఉన్నారు. సన్నటి మనిషి, పెద్ద గొంతు.

"అన్నా, ఇది బాగైతదా, లేకుంటే ఆటో మల్ల కొనుమంటవా? ఉన్నదున్నట్టు చెప్పు."

"చూడనీ చెల్లె."

బోటు చూస్తే అడుగున పాకుడు. అడుగు ఫ్లోరింగ్ కింద ఉండే ఫోమ్ నీళ్లు తాగి మూటల కొద్దీ బరువెక్కింది. ఇంజన్ కూడా ఉండాల్సిన దానికంటే కిందికి దిగి, నీళ్లకు అడ్డుపడి బోటును వెనక్కి లాగుతోంది. పాకుడు గీకాం. తడిసిన ఫోమ్ తీసి కొత్తది నింపాం. బోటు మునిగినా తేల్చేది ఆ ఫోమే కాబట్టి ఖాళీగా వదలకూడదు. చెక్క ముక్క పెట్టి ఇంజన్‌ను కాస్త పైకి ఎత్తాం. లైఫ్ జాకెట్లు ఏవని అడిగితే లచ్చవ్వ బల్లల దిక్కు చూపించింది. అందరూ మెత్తగా ఉంటాయని వాటి మీద కూర్చుంటున్నారు.

"ఏసుకుంటే ఉడుకపోస్తది అన్నా."

"మునుగుతే సల్లగ ఉంటది. ఏస్కోర్రి."

ఆడవాళ్లు పకపకా నవ్వి వేసుకున్నారు.

పరీక్షకు బయలుదేరాం. ఫోన్‌లో చూస్తే, మునుపు గంటకు పదకొండు కిలోమీటర్లు దాటని బోటు అంతమందితో పదహారు పోతోంది. ఇంజన్ మూలుగు పోయి, సాఫీగా పాడుతోంది. ముసలి ఇంజన్‌కు అంతకంటే ఆశించకూడదు. సంతోషంగా అవతలి ఒడ్డున దిగి గడియారం చూసుకుంటే లెక్క కుదరలేదు. అవతలి గట్టు నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. పావుగంటలో చేరాలి. అరగంటకు కాస్త తక్కువ పట్టింది.

తిరుగు ప్రయాణంలో ఇంజన్‌ను కాక రాజమల్లు చేతిని చూస్తూ కూర్చున్నాను. నడినీళ్లలో, చుట్టూ ఏమీ లేని చోట, అతని చెయ్యి త్రాటిల్ తగ్గించింది. బోటు నెమ్మదించి ఎడమకు తిరిగింది. కొంత దూరం పోయి మళ్లీ కుడికి.

"ఎందుకు తగ్గించినవ్?"

"బడి." అంతే అన్నాడు, అందరికీ తెలిసిన మాటలాగా.

లచ్చవ్వ పక్కున నవ్వింది. "ఈయన బోటు నడుపుడు గిట్లనే అన్నా. కింద మునిగిన రోడ్డు ఎటు తిరిగితే గటే తిరుగుతడు. బడికాడ స్లో, మూలమలుపుకాడ స్లో. ఇంకొన్ని దినాలైతే హారను గూడ కొడ్తడు."

మిగతావాళ్లు నవ్వలేదు. ఒక ముసలామె నీళ్లలో చెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

"తప్పేమున్నది మేస్త్రీ?" అన్నాడు రాజమల్లు. "రోడ్డు మీద అడ్డం చెట్టు ఉండదు, గోడ ఉండదు. మొదటి ఎండకాలం నీళ్లు తగ్గినప్పుడు అడ్డం పోయి గోడకు కొట్టిన. ఫ్యాను వంగింది. గప్పటి సంది రోడ్డు ఇడిచిపెట్టలే."

"ఇప్పుడు నీళ్లు నిండుగున్నయి గద. సీదా పోవచ్చు."

"సీదా పోతె ఇండ్ల మీదికెళ్లి పోవాలె. మనుషులు పండుకున్న ఇండ్లు. గా ఇండ్ల మీదికెళ్లి ఫ్యాను తిప్పుకుంట ఎట్ల పోత?"

అది మెకానిక్ చెప్పగలిగిన సంగతి కాదు. లచ్చవ్వే చెప్పింది, నవ్వు ఆపేసి.

"ఇల్లు మనల్ని ఏమనది. మనం మునుగుతే ఏడుస్తది. గాలి అచ్చిన దినం మాత్రం సీదా పోదాం."

మర్నాడు మేం ముగ్గురమే పోయాం. తాడుకు రాయి కట్టి, సీదా దారి పొడుగునా లోతు చూశాం. తాడు లచ్చవ్వ చేతిలో ఉంది. రాయి నేలను తాకినప్పుడల్లా ఆమె పేర్లు చెప్పింది. ఇది మా పెద్దమ్మ కొట్టం. ఇది కిరాణం దుకాణం. ఒకచోట తాడు తొందరగా ఆగింది, ఏదో గోడ మిగిలి ఉన్నట్టు. ఆమె ఆ ఒక్క పేరు చెప్పకుండా తాడు పైకి లాగి చుట్టింది. రాజమల్లు అక్కడ తాడు కట్టిన నీలం డబ్బాను తేల్చి, దానికి బాగా ఎడంగా దారి తిప్పాడు. నీళ్లు తగ్గితే ఆ దారిలో పోకూడదు కాబట్టి గుర్తుగా, నీళ్లలోంచి తల బయటపెట్టిన పాత ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకును పెట్టుకున్నాం. దాని నిచ్చెన మెట్లు మూడో నాలుగో పైకి కనబడితే రోడ్డు దారి, అవి మునిగి ఉంటే సీదా దారి.

మే నెలలో ఒక సాయంత్రం లచ్చవ్వ ఫోన్ చేసింది. వెనక గాలి హోరు, రేకుల చప్పుడు వినబడుతున్నాయి.

"అన్నా, ఒడ్డుకు అచ్చినం. గాలి మా ఎనుక అచ్చింది ఇయ్యాల. గిప్పుడే చెట్లు ఊగుతున్నయి."

"సీదా అచ్చిన్రా?"

"సీదానే. నడుమల ఈయన కండ్లు మూసుకున్నడు జరసేపు. నేను పట్టుకున్న హ్యాండిలు." ఆగి, "బోటు అమ్మనియ్య," అంది.

నేను ఇంజన్‌లో మిగిల్చినంత సమయమే, దాదాపు, ఆ దారి కూడా మిగిల్చింది. ఆ తరువాత బోట్లవాళ్లు ఎవరు స్పీడు కోసం వచ్చినా, ఇంజన్ మూత తీయకముందే నన్ను ఒకసారి వాళ్ల దారిలో తిప్పి తెమ్మంటాను. ఇంజన్ ఎంత లాగుతుందో గేజి చెబుతుంది. మనిషి ఎక్కడ ఎందుకు చెయ్యి తగ్గిస్తాడో పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. అందులో కొంత సరిచేయాల్సింది ఉంటుంది, కొంత ముట్టకుండా వదిలేయాల్సింది ఉంటుంది.

ఆ మధ్య సర్వీసింగ్‌కు పోయినప్పుడు మళ్లీ ఆ బోటెక్కాను. ఆకాశం తేటగా ఉంది, గాలి లేదు. నిచ్చెన మెట్లు నీళ్లలోనే ఉన్నాయి. అయినా రాజమల్లు రోడ్డు దారే పట్టాడు. నడినీళ్లలో ఇంజన్ చప్పుడు తగ్గింది. ఎందుకని నేను అడగలేదు. బడి దాటాక అతనే మళ్లీ త్రాటిల్ తిప్పాడు.