మా ఊళ్లో చూడాల్సినవి

మహారాష్ట్రలో కోర్పనా దగ్గరి మా ఊళ్లో, ఇంటికొచ్చిన చుట్టాన్ని నేరుగా లోపలికి పిలిచేవాళ్లం కాదు. ఊరి వెనక గుట్ట కింద ఒక బుగ్గ ఉండేది. నడి ఎండాకాలంలోనూ రాళ్ల సందుల్లోంచి నీళ్లు ఉబికేవి. చుట్టం అక్కడ కాళ్లు కడుక్కుని, దోసిలి పట్టి నీళ్లు తాగాకే మా ఇంట్లో కంచం పెట్టేవాళ్లు. ఆ గుట్టా, ఆ బుగ్గా తప్ప చూపించుకోవడానికి మాకు ఇంకేముంది గనుక? తాడోబా అడవికి పులిని చూడ్డానికి వచ్చేవాళ్లెవరూ మా వైపు తొంగి కూడా చూసేవాళ్లు కాదు. మా నాయనకు, అంటే బాపుకు, ఆ ఉక్రోషం బాగా ఉండేది.

నేను చంద్రపూర్‌లో, తుకుం అనే పేటలో గది తీసుకుని కాలేజీలో చదువుతున్న రోజులవి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒక పొద్దున జీపు వచ్చి ఆగింది. ముగ్గురు దిగారు. ఒకాయన మెడలో కెమెరా, ఇంకొకాయన చేతిలో చిన్న సుత్తి. ఇక్కడ చూడాల్సినవి ఏమున్నాయని మరాఠీలో అడిగారు. దేశం తలుపులు తెరిచిందని, ఇక అన్ని ఊళ్లకూ అందరూ వస్తారని పేపర్లు ఊదరగొడుతున్న కాలం. మా ఊరు చూడ్డానికీ మనుషులొచ్చారని బాపు పొంగిపోయాడు. ఆయనకు మరాఠీ పత్తి అమ్ముకునేంతే వచ్చు.

"నువ్వే చెప్పు బిడ్డా, మంచిగ చెప్పు" అన్నాడు.

మంచిగానే చెప్పాను. నా మరాఠీ అంటే నాకు మహా గొప్ప. బుగ్గ దగ్గర వాళ్లచేత నీళ్లు తాగించాం, గుట్ట ఎక్కించాం. బాపు చెప్పని మాట కూడా నేనే అందించాను: ఈ గుట్టలో ఏ రాయి కాల్చినా తెల్లటి సున్నం వస్తుందని, ఎంత లోతు తవ్వినా ఇదే రాయని. వాళ్లలో పెద్దాయన అదంతా రాసుకున్నాడు. సుత్తితో కొట్టి ముక్కలు సంచిలో వేసుకుంటుంటే, గుర్తుగా తీసుకుపోతున్నారనుకుని బాపు ఇంకో మంచి ముక్క ఏరి ఇచ్చాడు. మధ్యాహ్నం మా ఇంట్లో జొన్నరొట్టెలు తిని వెళ్లారు.

మరుసటేడు గుట్ట చుట్టూ హద్దురాళ్లు పాతారు. ఆ వెనకే సిమెంటు కోసం రాయి తవ్వే యంత్రాలు దిగాయి. పేలుళ్లకు ఇళ్ల గోడలు నెర్రెలిచ్చాయి. ఒక ఎండాకాలం బుగ్గ సన్నబడింది, ఇంకో ఎండాకాలానికి ఎండిపోయింది. దాని కింది మా మిరప మడి కూడా పోయింది. "తీస్కపోయి చూపెట్టింది నువ్వే గదా" అని బాపును ఊళ్లోవాళ్లు మొహం మీదే అన్నారు. నా ఊసు ఎవరూ ఎత్తలేదు. బాపూ ఎత్తలేదు. ఆయన ఒక్కసారి తిట్టినా నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అప్పట్నుంచి చుట్టాలు వస్తే తిన్నగా ఇంట్లోకే. తాగడానికి ట్యాంకరు నీళ్లే. జీపులో ఏ కొత్తమనిషి వచ్చి ఏం అడిగినా, చూసేందుకు ఇక్కడ ఏమీ లేదని బాపు అక్కడికక్కడే పంపేసేవాడు. కానీ వారానికోసారి చెంబు పట్టుకుని గుట్ట అవతలి అడవిలోకి ఒక్కడే పోయేవాడు. తెచ్చిన నీళ్లు అమ్మకిచ్చేవాడు. ఒకసారి నేనూ తాగాను. అదే చల్లదనం, అదే బుగ్గ రుచి. ఇంకెక్కడో ఊట ఉంది. ఎక్కడని అమ్మనడిగితే, "నాక్కూడ చెప్పడు" అంది.

కొన్నేళ్లకు బాపు మంచం పట్టాడు. ఇక కొన్ని రోజులేనని తెలిశాక పక్కన కూర్చుని అడిగాను.

"బాపూ, ఆ నీళ్లు ఏడున్నయో చెప్పు. నేను పోయి తెస్తా. నీ నోట్ల పోస్తా."

నా మొహంలోకే చూశాడు. కోపం లేదు, దానికే నాకు భయమేసింది.

"గీడ చూసెటందుకు ఏం లేదు బిడ్డా" అన్నాడు.

ఆయన నోట్లో ట్యాంకరు నీళ్లే పోశాను.