తేనెపెట్టెకు కప్పిన బొంత

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆళ్లగడ్డలో మా పెరట్లో ఒక తేనెపెట్టె పెట్టుకున్నాను. ఇంటి వెనక పొద్దుతిరుగుడు చేలు, ఈగలకు మేతకు కొదవ లేదు. వాటిని నేనెంత ముద్దు చేసేవాణ్నో తెలిస్తే మా పిల్లలు కుళ్లుకుంటారు. మా ఆవిడ రెండుసార్లు పిలిచినా పలికేవాణ్ని కాదు గానీ, ఈగల రొదలో కాస్త తేడా వస్తే లేచి నిలబడేవాణ్ని.

పోయిన వానాకాలం వారం రోజులు ముసురు పట్టింది. ఈగలకు చలేస్తుందేమోనని నా ప్రాణం కొట్టుకుంది. పెట్టె చుట్టూ పాత బొంత కప్పి, దాని మీద యూరియా సంచి వేసి తాడుతో బిగించాను. గాలి దూరే సందుల్లో గుడ్డపీలికలు కుక్కి, ఈగలు వచ్చిపోవడానికి వేలెడంత దారి వదిలాను. కన్నతండ్రి కూడా ఇంతకన్నా ఏం చేస్తాడని మురిసిపోయాను.

ముసురు విడిచాక చూస్తే పెట్టె ముందర తెల్లగా సుద్దముక్కల్లాంటివి పడి ఉన్నాయి. చేతిలోకి తీసుకున్నాను. చచ్చి గట్టిపడిన ఈగపిల్లలు. పెద్ద ఈగలే వాటిని ఒక్కొక్కటిగా మోసుకొచ్చి బయట పడేస్తున్నాయి. నాకు దుఃఖమొచ్చింది. నా దుఃఖం ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది, అది మా ఆవిడ మీదికి పోయింది. ముసురు రోజుల్లో ఈగలకు చక్కెర పానకం కలిపి పెట్టింది ఆమే.

"ఏం నీళ్లు కలిపినావో ఏమో, పిల్లలన్నీ సచ్చినాయి సూడు" అన్నాను.

ఆమె ఆ పూట అన్నం వడ్డించింది గానీ పక్కన కూర్చోలేదు.

మర్నాడు ఆ ముక్కలు పొట్లం కట్టుకుని బస్సెక్కి నంద్యాల పోయాను. అక్కడ ఏళ్ల తరబడి తేనెటీగలు పెంచుతున్న భాయ్ ఒకాయన ఉన్నాడు. పొట్లం విప్పగానే, "బూజు రోగమప్పా ఇది. వానలకు పెట్టె మీద ఏం కప్పినావు?" అన్నాడు.

బొంత నుంచి గుడ్డపీలికల దాకా అన్నీ గొప్పగా చెప్పాను.

"గాలి యాడాడుతాది మరి? చెమ్మ నిలిచి పిల్లలకు బూజు పట్టింది. దీనికి మందు లేదు. రోగమొచ్చిన తేనెపట్లు తీసి కాల్చెయ్. ఎండా గాలీ తగలనీ. బతికితే బతుకుతాయి."

"మా ఇంటామె పెట్టిన పానకం వల్ల గాదా?" అన్నాను ఆశగా.

"ఆ యమ్మ పానకం పెట్టకపోతే ఆకలికే సచ్చేటివి గదప్పా!"

ఇంటికొచ్చి బొంత, సంచి, పీలికలు అన్నీ పీకేశాను. మూడు పట్లు కాల్చాను. పెట్టె మీద ఎండ పడేలా వేపకొమ్మలు నరికించాను. రోజూ పొద్దున్నే పెట్టె ముందర తెల్లముక్కలు ఏరుకుంటూ, ఈ గూడు నిలవదేమోనని భయపడ్డాను. ముక్కలు తగ్గుతూ వచ్చాయి. ఒకరోజు ఒక్కటీ కనిపించలేదు.

అప్పటిగ్గానీ మా ఆవిడకు నిజం చెప్పే ధైర్యం రాలేదు. తప్పు నాదేనని, అనవసరంగా తిట్టానని చెప్పాను.

ఆమె చిక్కుడుకాయలు తుంచుతూ తల కూడా ఎత్తలేదు.

"నాకు జరమొస్తే గూడా ఇంతే గదా నువ్వు. కిటికీలు మూసి రెండు దుప్పట్లు కప్పుతావు. నాకు నోరుంది, తీసెయ్యమంటా. పాపం, వాటికి యాడుంది?"