నాయన వేసిన ముడి

తొంభైల్లో నేను చెన్నైలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేదాన్ని. జార్జి టౌన్‌లో పూసల టోకు వ్యాపారం చేసే మా నాయన, నా మొదటి సెమినార్ చూస్తానని ముచ్చటపడి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు.

బరువైన పరమాణు కేంద్రకాలు ఢీకొంటే లోపలి కణాలు ఎలా చెదురుతాయో చూపించాలని, రెండు గుడ్డ సంచుల్లో పూసలు పోసి వదులుగా కట్టివ్వమని ఆయన్నే అడిగాను. అందరి ముందూ రెండు సంచులనూ ఢీకొట్టాను. ఒక్క పూసా రాలలేదు. మళ్లీ కొట్టాను. క్లాసంతా గొల్లుమంది. నాకు ఏడుపొచ్చేసింది.

నాయన లేచి నిలబడ్డాడు. "తప్పు నాది పాపా. సరుకు కారకుండా బిగించేది ఈ చేతికి అలవాటైపోయింది" అన్నాడు.

తెలుగు రాని మా ప్రొఫెసర్ ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకున్నారు. "ప్రకృతి వేసిన ముడీ ఇంత గట్టిదే. అందుకే కేంద్రకాలను దాదాపు కాంతివేగంతో ఢీకొట్టాలి" అని క్లాసుకు చెప్పారు.

ఎన్ని మార్కులు వచ్చాయో గుర్తు లేదు కానీ, తిరుగు బస్సులో నాయన అడిగింది మాత్రం మరిచిపోలేను.

"అట్టా చెదిరినవన్నీ అట్నే పోతాయా పాపా? మళ్లీ ఒకటి కావా?"

"రెప్పపాటు కూడా పట్టదు నాయనా. మళ్లీ అతుక్కుని కొత్త కణాలవుతాయి."

"హమ్మయ్య" అని, ఒళ్లో ఉన్న సంచీ ముడిని ఇంకోసారి బిగించాడు.