లీటరుకు ఎనభై

మైలేజీ అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొంభైల్లో ఒక ఎండాకాలం. హాలియా పోయే బస్సులో నా పక్కన ఒక కుర్రాడు ఖాళీ సీసా పట్టుకొని కూర్చున్నాడు. పెట్రోలు వాసన కొడుతోంది.

"బండి ఆగిందా తమ్మీ?" అన్నాను.

"హాలియా షోరూంల కొన్న కొత్త బండే అన్నా. మా అవ్వను దవాఖానకు తీస్కపోతున్న. యాభై కిలోమీటర్లే గదా అని ఒక్క లీటరే పోయించిన. నలభైకే ఆగింది. అవ్వను రోడ్డు పక్కన ఎండల కూసోవెట్టి, పెట్రోలుకని గీ బస్సెక్కిన."

"మరి ఎనభై ఇస్తదన్నరు గదా?"

"గా లెక్క ఒక్కనివే, మెల్లగ, ఎదురుగాలి లేకుంట పోతేనేనట! బండి ఆగినకాడ ఉన్న మెకానిక్కు ఇప్పుడు చెప్తుండు. అవ్వను దింపి, గాలిని ఆపి పోవాల్నా నేను?"

ఊరి మొదట్లో పచ్చ గోడ వచ్చింది. దాని మీద మనిషెత్తు ఎర్రటి అక్షరాలు: లీటరుకు ఎనభై కిలోమీటర్లు. అతను సీసా కిటికీలోంచి చాచి అరిచాడు.

"గదే! గది రాసినోని చేతులు పడిపోను!"

నా గోళ్ల సందుల్లో ఆ ఎర్రరంగు ఇంకా పోలేదు. చేతులు సంచి కింద దాచుకున్నాను.

రాయమని షోరూం యజమాని ఇచ్చిన కాగితంలో, అడుగున చిన్న అక్షరాల్లో ఆ షరతులన్నీ ఉన్నాయి. అవి కూడా రాయాలా అని అడిగితే, గోడ మీద జాగా లేదన్నాడు. నేను సరేనన్నాను.

బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. ఎనభై కింద సగం గోడ ఖాళీగానే ఉంది.