కాటుకతో కుదిరిన తుపాకీ చెక్క

అమ్మలూ, మీ అమ్మ ఇంకా బడికి వెళ్లని రోజుల మాట ఇది. డెబ్బైల చివర మేము మిషిగన్‌లో, నోవై దగ్గర ఉండేవాళ్లం. పక్కింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. వాళ్ల నాన్న వదిలివెళ్లిన వేట తుపాకీ ఒకటి ఆయన దగ్గరుండేది. జింకల వేట సీజన్ వస్తే ఒక ఏడు ఈయన, ఒక ఏడు ఉత్తరాన ఉండే అన్నగారు దాన్ని పట్టుకుని అడవికి వెళ్లేవాళ్లు. వంతు లేనివాళ్లు ఇంట్లోనే.

ఆ ఏడు అన్నగారి వంతు. సీజన్ నెల ఉందనగా మా పక్కింటాయన తుపాకీ తుడిచి లోపలికి తెస్తూ మెట్ల మీద జారిపడ్డాడు. మోకాలు వాచింది. తుపాకీ వెనక భుజానికి ఆనించే చెక్క ఉంటుంది చూశారూ, స్టాక్ అంటారు, అది చేత్తో పట్టుకునే చోట నిలువునా చీలిపోయింది.

"జిగురు పెడితే అతకదా?" అన్నారు మీ తాతయ్య.

"పేల్చగానే వెనక్కి తన్నుతుంది, మళ్లీ విరుగుతుంది," అన్నాడాయన. మాట్లాడింది ఇంగ్లీషే, నేను మన మాటల్లో చెబుతున్నాను. "మా అన్నకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? నాన్నది మా ఇద్దరికీ మిగిలింది ఇదొక్కటే."

మోకాలు వంగక ఆయన కారు నడపలేకపోయాడు. కొత్త చెక్క వెతకడానికి శనివారం వస్తే మీ తాతయ్యే డ్రైవ్ చేసేవారు. పులిహోర కట్టుకుని, మీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, నేను వెనక సీట్లో. ఏ షాపుకి వెళ్లినా ఒకటే మాట, ఇది మరీ పాత మోడల్, చెక్కలు రావడం లేదు అని. కొత్త మోడల్‌ది ఒకటి పెట్టి చూశారు గానీ తుపాకీ ఇనుప భాగం అందులో కూర్చోలేదు. చివరికి ఒక ఊరి హాల్లో పాత తుపాకుల అమ్మకం జరుగుతుంటే, అక్కడొకాయన దగ్గర సగం చెక్కిన వాల్‌నట్ చెక్క, అదే అక్రోటు కర్రది, దొరికింది. పైరూపం ఉంది, ఇనుము కూర్చునే లోపలి గాడి మనమే తొలుచుకోవాలిట.

"మనం చేసేద్దాం," అన్నారు మీ తాతయ్య.

"ఏమండీ, కేలండర్‌కి మేకు కొట్టమంటే గోడకి ఇంత కన్నం పెట్టారు. మీరా?" అన్నాను తెలుగులో.

"ఏమంటోంది మీ ఆవిడ?" అని అడిగాడు పక్కింటాయన.

"నన్ను మెచ్చుకుంటోంది," అన్నారు.

ఉలి పట్టింది పక్కింటాయనే. ఇనుముకి మసి పట్టించి గాడిలో ఒత్తాలి. మసి అంటుకున్న చోట చెక్క ఎత్తుగా ఉన్నట్టు. అంతమేరే గీకాలి. మళ్లీ మసి, మళ్లీ ఒత్తడం. ఆయన కొవ్వొత్తి మీద ఇనుము తిప్పితే పొడిమసి రాలి గాడంతా నల్లబడిపోయింది. ఎక్కడ తగులుతోందో తెలియలేదు. నేను ఇంట్లోకి వెళ్లి కాటుక బరిణె తెచ్చాను. ఆముదం దీపం మసితో మీ అమ్మ కోసం నేనే చేసుకునేదాన్ని.

"ఏంటిది?"

"పిల్ల కళ్లకి పెడతాను. ఇదీ మసే. ఆముదం కలిసింది కాబట్టి రాలదు."

"తుపాకీకి దిష్టి తగలకుండా," అన్నారు మీ తాతయ్య.

వేలితో పల్చగా రాసి ఒత్తితే, తగిలిన చోట మాత్రమే నల్లటి మరక శుభ్రంగా పడింది. పక్కింటాయన హమ్మయ్యా అన్నాడు. రోజూ సాయంత్రాలు అదే పని. ఆ పని అయ్యేదాకా మీ అమ్మ కళ్లకి కాటుకే లేదు. చివరికి సందు లేకుండా ఇనుము చెక్కలో కూర్చుంది. నూనె పట్టించి ఆరబెట్టాడు. ఎంత చేసినా కొత్త చెక్క కొత్త చెక్కే. "చూడగానే తెలిసిపోతుంది," అని ఆయన దిగులు.

సీజన్ ముందురోజు అన్నగారొచ్చాడు. మేమూ అక్కడే నిలబడి ఉన్నాం. ఆయన తుపాకీ అందుకుని, ఖాళీగా ఉందో లేదో చూసి, భుజానికి ఆనించి దించాడు.

"చెక్క మార్చావు."

"పడ్డాను. విరిగింది."

"ఎప్పుడు?"

"నెలైంది."

అన్నగారు తుపాకీని కారు సీట్లో పెట్టేసి తమ్ముడి కాళ్ల వైపు చూశాడు. "ఏ కాలు?"

ఈయన ప్యాంటు మడిచి చూపించాడు. వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు.

"నెల నుంచీ ఇలా కుంటుతూ నాకు ఫోన్ కూడా చెయ్యలేదేంరా, వెధవా?"

ఈయన మడిచిన ప్యాంటు కిందికి దించుకున్నాడు.

"ఒక్కడివీ ఇక్కడేం చేస్తావు? పద. నువ్వు కేబిన్‌లో పొయ్యి దగ్గర కూర్చుందువుగాని."

అన్నదమ్ములిద్దరూ ఒకే కారులో వెళ్లారు. ఆ వారమంతా ఆయన ఇంటి ముందు పడ్డ పేపర్లు మేమే తీసి దాచిపెట్టాం.